చేప గుర్తు సుత్తి

మొన్న మా అమ్మాయి పుట్టినరోజని హైదరాబాదులో ఒక హోటలుకు వెళ్ళాం. పల్లెటూరు తలపించాలని గోడల నిండా కొడవళ్ళు, కావడి బద్దలు, బండి చక్రాలు తగిలించారు. వాటి మధ్య పిడి లేని ఇనప ముద్ద ఒకటి వేలాడుతోంది. ఒక పక్క చదునుగా, రెండో పక్క ఏదో గుర్తు ఉబ్బెత్తుగా ఉంది. అదేంటని అమ్మాయి అడిగితే, వడ్డించే కుర్రాడు కొబ్బరికాయలు కొట్టేదని చెప్పి వెళ్ళిపోయాడు. నేను లేచి దగ్గరికెళ్ళి చూశాను. గుర్తు వేరు. మాది కాదు. మాది కాదని తెలిశాక కూడా చాలాసేపు దాని ముందే నిలబడ్డాను.

మా ఊరు, భద్రాచలానికి గోదారి ఇవతలుండే సారపాక నుంచి అడవిలోకి పోయే దారిలో ఉండేది. ఊరంటే ఒక గూడెం, కొన్ని పత్తి చేలు, మిగతాదంతా జామాయిల్ తోటలు. నాయన జామాయిల్ కొట్టే కూలికి పోయేవాడు. కాగితం మిల్లుకు పోయే లారీలకు కర్ర ఎత్తేవాడు. సాయంత్రం ఆయన చొక్కా విప్పి దండెం మీద వేస్తే ఇల్లంతా జలుబు మందు వాసన వచ్చేది. ఆ వాసన వచ్చిందంటే నాయన వచ్చినట్టే.

ఆ సుత్తి మా నాయనమ్మది. ఎండాకాలంలో వసారాలో కూర్చుని దాంతో చింతపండు కొట్టి గింజ తీసేది. ఇప్ప పలుకులు చితక్కొట్టేది. పిడి ఎప్పుడో పోయింది. ఒక పక్క చదును, రెండో పక్క చేప, చేప తోక దగ్గర నెలవంక. చేపకు కన్ను కూడా ఉండేది. అదేంటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా బడి పంతులు ఒకసారి చూసి, నైజాం కాలంలో నాణేలు కొట్టే అచ్చేమో అన్నాడు. పక్కింటివాళ్ళు ఇటుకల మీద వేసే ముద్ర అన్నారు. నాయనమ్మ మాత్రం గోదారి సుత్తి అనేది. గోదారి సుత్తి అంటే ఏందంటే, గోదారి మీద వచ్చింది కాబట్టి గోదారి సుత్తి అనేది. అది తన మామ తెచ్చిందట. ఈమె కాపురానికి వచ్చేనాటికే ఆయన కాళ్ళు వాచి, మాటలు తగ్గి, అరుగు మీద కూర్చుని ఉండేవాడట. అంతకుమించి ఆమెకూ తెలియదు.

నాకు మాత్రం ఆ సుత్తితో ఒక్కటే పని. అమ్మ గోడలకు ఎర్రమట్టి మెత్తినప్పుడల్లా, ఆమె వెనక్కి తిరగ్గానే తడి మట్టి మీద చేపల్ని అచ్చుగుద్దేదాన్ని. మా వసారా గోడ కింది భాగమంతా చేపల బారు. అమ్మ చీపురు తిరగేసి వెంటపడేది. ఎండిపోయాక ఇక చేసేదేమీ లేక వాటి మీదే ముగ్గుపిండి రాసి వదిలేసేది.

ఆ ఏడు తొలకరికి ముందు, మా చుట్టుపక్కల టేకు దుంగలు ఎవరో నరికి దాటిస్తున్నారని ఫారెస్టోళ్ళు ఊళ్ళు గాలించారు. మా గూడెంలోకీ వచ్చారు. గడ్డివాములు పొడిచి చూశారు, అటకలు దింపారు. మా ఇంట్లో టేకు పుల్ల కూడా లేదు. పోయేవాళ్ళే. అంతలో ఒకాయన కాలికి చింతపండు చాప మీద పెట్టిన సుత్తి తగిలింది. తీసి తిప్పి చూశాడు. రేంజరు సారును పిలిచాడు.

ఇది ఎవరిదని ఆయన అడిగాడు. నాయన నోరు తెరిచేలోపే నాయనమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. ఇంటికి పెద్దవాళ్ళు వస్తే ఆమెకు సంబరం.

"మాదే సారూ. మా మామది. గోదారి సుత్తి అది."

నాయన ఎంత చెప్పినా వాళ్ళు వినలేదు. చేప దొంగల ముద్ర అన్నారు. నరికిన దుంగల్లో ఎవరివి ఎవరివో గుర్తుపట్టడానికి ఇలాంటి ముద్రలు వేసుకుంటారట. జామాయిల్ కూలికి పోయేవాడికి గొడ్డలి చేతిలో ఉంటుంది, అడవి దారులన్నీ తెలుస్తాయి, ఇంట్లో ముద్ర సుత్తి దొరికింది. ఇంకేం కావాలి. చొక్కా వేసుకోనిచ్చి జీపులో ఎక్కించారు. నాయన ఎక్కుతూ అమ్మవైపు చూడలేదు. నావైపు చూసి, అన్నం తిను అన్నాడు.

ఆ రోజు మొదలు నాయనమ్మ అన్నం ముట్టలేదు. అమ్మ బలవంతం మీద రెండు గుక్కలు జావ మాత్రం తాగేది. తన నోటితోనే కొడుకుని పట్టించానని ఆమె గుండెలో దిగిపోయింది. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాయనమ్మకు కాస్త తేలికయ్యేదేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

నాయనను భద్రాచలం సబ్ జైల్లో పెట్టారు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయేది, తనకు చదువు రాదని. బస్సు గోదారి వంతెన దాటుతుంటే అందరూ కిటికీల్లోంచి దండం పెట్టుకుని చిల్లర విసిరేవాళ్ళు. అమ్మ దండం పెట్టేది కాదు. ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చునేది. కటకటాల వెనక నాయన ప్రతిసారీ కొంచెం చిన్నగా కనిపించేవాడు. దగ్గు మొదలైంది. అయినా, పత్తికి మందు కొట్టిండ్రా, మేకకు ఆకు ఎవరు తెస్తున్నరు, అనే అడిగేవాడు. అమ్మ అన్నీ బాగున్నాయని చెప్పేది. మేకను అప్పటికే అమ్మేశాం.

కోర్టు వెనక సందులో ఒక వకీలు ఉండేవాడు. ముసలాయన. చెవికి దగ్గరగా చెబితేనే వినిపించేది. నాయనమ్మ కూడా వస్తానని పట్టుబట్టిన రోజు ఆయన దగ్గరికి ముగ్గురం పోయాం. వసారాలో బల్ల మీద కూర్చోబెట్టి ఆయన అడుగుతుంటే అమ్మ ఏడుస్తూ చెప్పింది. ఆయన తల ఊపుతున్నాడే గాని మొహంలో ఆశ కనిపించలేదు. నేను గోడ మీంచి పెకలించి తువ్వాలలో చుట్టి తెచ్చిన మట్టి పెళ్ళ తీసి చూపించాను. చేప, నెలవంక స్పష్టంగా ఉన్నాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని చూశాడు. ఇది సర్కారు ముద్ర కాదని మాత్రం తేల్చాడు. కానీ దొంగల ముద్ర కాదని ఎట్లా చెప్పేది అన్నాడు.

అప్పుడు నాయనమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమె ఆయనతో కాదు, తనతో తానే మాట్లాడుకుంటున్నట్టు. కాపురానికొచ్చిన ఏడు పెద్ద వరద వచ్చిందట. కాళ్ళు వాచిన మామ కర్ర పట్టుకుని పోయి గోదారి ఒడ్డున కూర్చునేవాడట. అడవుల్లోంచి దుంగలు కొట్టుకొచ్చి ఒడ్డుకు తగిలేవట. ఈమె అన్నం తీసుకుపోతే తినేవాడు కాదట, దుంగలే చూసేవాడట.

ఆమె నోటి దగ్గరికి చెవి వంచి వింటున్న వకీలు చెయ్యెత్తాడు. "ఆగవ్వా. దుంగల్ల ఏం చూసేటోడు?"

"కొసలు చూసేటోడు బిడ్డా. కోసిన కొస. చూసి, మనది కాదు అనేటోడు. ఇంకోటొస్తే అది గుడ చూసి, మనది కాదు అనేటోడు. పిచ్చి పట్టిందనుకున్న నేను."

వకీలు మట్టి పెళ్ళను మళ్ళీ చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత తను చిన్నప్పుడు విన్న సంగతి చెప్పాడు. లారీలు లేని కాలంలో అడవిలో కొన్న కలపను షావుకార్లు తెప్పలు కట్టి గోదారి మీద రాజమండ్రి దాకా వదిలేవాళ్ళు. వరదొచ్చి తెప్ప తెగితే దుంగలు ఎక్కడెక్కడో ఒడ్డెక్కేవి. ఏది ఎవరిదో తెలియడానికి ఒక్కో షావుకారు తన గుర్తు దుంగ కొస మీద సుత్తితో కొట్టించేవాడు. మీ మామ ఆ కొట్టేవాడై ఉంటాడు అన్నాడు. తెప్పలు ఆగిపోయినా గుర్తు వెతుక్కోవడం ఆయనకు ఆగి ఉండదు.

నాయనమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నేళ్ళూ చింతపండు కొట్టిన ఇనప ముక్క అదేంటో ఆమెకు ఆ బల్ల మీద తెలిసింది.

నాకు ఆ క్షణంలోనే నాయన బయటికొచ్చినట్టు అనిపించింది. వకీలు మా సంతోషాన్ని ఉండనివ్వలేదు. "ఇది నోటి మాట. కోర్టుల నడవది. ఆ గుర్తున్న కట్టె కావాలె. అది మీ ఆయన పుట్టకముందు కట్టె అయ్యుండాలె. ఎక్కడన్న పాత ఇండ్లల్ల దొరుకుతదేమో చూడుండ్రి."

అట్లా మొదలైంది మా తిరుగుడు. గోదారి ఒడ్డు ఊళ్ళల్లో పాత పెంకుటిళ్ళు ఇంకా ఉండేవి. అమ్మ, నేను, ఒంట్లో బాగుంటే నాయనమ్మ. ముగ్గురం ఇల్లిల్లూ అడిగేవాళ్ళం. దూలాలు ఉండేవి, వాసాలు ఉండేవి. నల్లగా పొగచూరి, తాకితే ఇనుములా ఉండేవి. కానీ గుర్తు దుంగ కొస మీద ఉంటుంది, దూలం కొస గోడలోపల ఉంటుంది. ఎవరి గోడ తవ్వమంటాం? ఒక ఇంట్లో అమ్మ ఆ మాట అడిగేసింది కూడా. ఇంటాయన మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూసి తలుపేసుకున్నాడు. కొన్ని ఇళ్ళల్లో జాలిపడి మజ్జిగ పోశారు. వెదురు కొమ్ముల కూర వేసి అన్నం పెట్టారు ఒకచోట. నేను ఆత్రంగా తిన్నాను, అమ్మ విస్తరి ముందు కూర్చుని గోడలో కలిసిపోయిన దూలం వైపే చూస్తూ ఉండిపోయింది.

వానలు పట్టుకున్నాయి. కాలువలు దాటలేక వెనక్కి వచ్చిన రోజులున్నాయి. నాయనమ్మకు చలిజ్వరం వచ్చింది. దవాఖానాలో గోళీలిచ్చి పంపారు. జ్వరంలో వణుకుతూ మనది కాదు, మనది కాదు అని కలవరించేది. అమ్మ గొంగడి కప్పి ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కూలికి పోయేవాళ్ళు ఇంట్లో లేరు. డబ్బాలో నూకలు అడుగంటాయి. ఆ రోజుల్లోనే మొదటిసారి అమ్మ నాతో పెద్దదానితో మాట్లాడినట్టు మాట్లాడింది. ఆయన లోపలే పోతే మనమేం జేద్దాం అంది. నన్ను అడిగినందుకే నాకు భయమేసింది.

శ్రావణంలో గోదారి పొంగింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. వంతెన మీద బస్సులు ఆపేశారు. భద్రాచలంలో పల్లపు వీధుల్లోకి నీళ్ళొచ్చాయని, జైల్లో వాళ్ళను ఎక్కడికో మార్చారని ఒకరు, మార్చలేదని ఒకరు చెప్పారు. సారపాక చౌరస్తాలో జనం మధ్య నిలబడి, కనిపించే నీళ్ళకు అవతల నాయన ఉన్నాడో లేడో తెలియక అమ్మ పోలీసులను అడుగుతూనే ఉంది. వాళ్ళకు మాత్రం ఏం తెలుసు. అమ్మ చివరకు రోడ్డు పక్కన కూలబడి, నేను పట్టి లేపబోతే నా చెయ్యి విదిలించుకుంది. ఆమె అట్లా చేయడం అంతకుముందు లేదు, తర్వాతా లేదు.

నీళ్ళు తీశాక మొదట జైలుకు పోయాం. నాయన ఉన్నాడు. అందరినీ మేడ మీద గదిలోకి ఎక్కించారట. చూసి, మాట్లాడి, బయటికొచ్చాక అమ్మ ఇంటికి పోదామనలేదు. ఒడ్డు ఊళ్ళల్లో ఇళ్ళు పడ్డాయట, పద అంది.

ఊళ్ళల్లో ఎక్కడ చూసినా ఒండ్రు, చచ్చిన కోళ్ళ వాసన, తడిసి మొలకెత్తిన వడ్ల వాసన. పడిపోయిన ప్రతి ఇంటి దగ్గరా మేం ఆగాం. కూలిన గోడల్లోంచి దూలాలు బయటికి పడి ఉన్నాయి. వాటి కొసల మీద బురద కడిగి చూసేదాన్ని. కొన్నింటి మీద ఏవో గుర్తులు ఉన్నాయి కూడా. ఒకదాని మీద త్రిశూలం. ఒకదాని మీద రెండు గీతలు. మాది కాదు.

చివరకు ఒక ఊళ్ళో, గోదారికి దగ్గరగా, ముందు భాగం మొత్తం పడిపోయిన ఇంటి దగ్గర కనిపించింది. దుంగను నాలుగు పలకలుగా చెక్కినా కొస మధ్యలో గుర్తు అట్లాగే ఉంది. నేను తువ్వాల విప్పి మట్టి పెళ్ళ పక్కన పెట్టాను. చేప. కన్ను. తోక దగ్గర నెలవంక. అమ్మ కిందకు వంగి ఆ కొసను రెండు చేతులతో పట్టుకుంది. పసిబిడ్డ మొహం పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఆ ఇంటి ముసలాయన తడిసిన బస్తా మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు.

"నా ఇల్లు పడ్డది. మీరు నా కట్టెల కొసలు చూస్తుండ్రు. ఏందమ్మా కథ?"

అమ్మ చెప్పింది. మొదలు నుంచి చివరి దాకా. ఆయన అంతా విన్నాడు. విని, కొస కోసి ఇవ్వనన్నాడు. కోపంగా కాదు, భయంతో. ఇల్లు పోయింది, ఆయనకు మిగిలింది ఆ టేకు దూలాలు. వాటి మీదే మళ్ళీ కప్పు వేసుకోవాలి. కోర్టుకు ముక్క పంపితే ఫారెస్టోళ్ళు ఇంటి మీదకొస్తారు. ఈ కట్టెకు కాయితం ఏదని అడుగుతారు. తన తాత కట్టిన ఇంటికి కాయితం ఎక్కణ్ణుంచి తెచ్చేది అన్నాడు. పైగా కొస కోస్తే దూలం పొట్టిదైపోతుంది, గోడకు అందదు.

అమ్మ బతిమాలలేదు. ఆమెకు ఓపిక అయిపోయిందేమో. చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి, బురదలో కూరుకుపోయిన పెంకులు ఏరి ఒకపక్క పేర్చడం మొదలుపెట్టింది. ఆ ఇంటి ముసలమ్మ వద్దంటున్నా వినలేదు. నేనూ ఏరాను. ఆ సాయంత్రం వాళ్ళ మిగిలిన గది వసారాలోనే పడుకున్నాం. తెల్లారి లేచి మళ్ళీ అదే పని. అమ్మ ఎందుకు చేస్తోందో నాకు తెలియదు. దూలం విడిచి పోలేక చేసి ఉంటుంది.

ఎండ ఎక్కాక ముసలమ్మ మొగుడి దగ్గరికి పోయి నిలబడింది.

"కోసియ్యి. వాళ్ళాయన లోపల ఉన్నడు. మన కట్టె ఎట్లయినా బయటనే ఉన్నది గద."

ముసలాయన చాలాసేపు లేవలేదు. తర్వాత పోయి పక్కింట్లో రంపం అడిగి తెచ్చాడు. రంపానికి ఒక పక్క అమ్మ పట్టుకుంది, రెండో పక్క ఆయన. రంపపు పొట్టు పచ్చగా రాలింది. అన్నేళ్ళ పాత కట్టె లోపల అప్పుడే నరికినట్టు ఘాటైన వాసన వచ్చింది. జానెడు ముక్క బురదలో పడింది. ఆయన దాన్ని తన తువ్వాలతోనే తుడిచి నా చేతుల్లో పెట్టాడు.

కట్టె ఒక్కటే చాలదు, అది ఎక్కడిదో చెప్పే మనిషి కావాలని వకీలు అన్నాడు. అమ్మ మళ్ళీ పోయి అడగలేకపోయింది. అడగకుండానే ముసలాయన వచ్చాడు. బట్టలన్నీ వరదలో పోతే ఎవరిదో పంచె అడిగి కట్టుకొచ్చాడు, అది మోకాళ్ళ కిందికి అందలేదు. బోనులో నిలబడి, ఈ ఇల్లు మా తాత కట్టిండు, నేను పుట్టింది ఈ దూలం కిందనే అని చెప్పాడు. చెప్పినంతసేపూ బోను కడ్డీని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. రేంజరు సారు సుత్తినీ ముక్కనూ పక్కపక్కన పెట్టి, ముద్రలో ముద్ర కుదిరేలా తిప్పి చూసి, పక్కకు జరిగాడు. ముందు జామీను ఇచ్చారు. కేసు కొట్టేయడానికి చాలా కాలం పట్టింది. సుత్తి మాత్రం మాకు తిరిగి ఇవ్వలేదు. మేం అడగలేదు కూడా.

నాయన వచ్చిన రోజు నాయనమ్మ ఆయన మొహమంతా చేత్తో తడిమి, అన్నం కలిపి తినిపించి, తర్వాత తనూ తిన్నది. నాయన ఒంట్లో ఏమీ మిగల్లేదు. మెట్టెక్కితే దగ్గు. అమ్మ పడుకోమంటే పడుకోలేదు. ఆ ఇల్లు ఎక్కడ అని అడిగాడు. ఒంట్లో బాగయినాక పోదువుగాని అని అమ్మ ఎంత ఆపినా ఆగలేదు.

మేం పోయేసరికి ముసలాయన పడిపోయిన గోడ పునాది దగ్గర పొట్టి దూలం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాయన ఆయన కాళ్ళకు దండం పెట్టాడు. తర్వాత దూలం కొలిచి, పాత పునాది విడిచి, జానెడు లోపలికి కొత్త పునాది తీశాడు. దగ్గొచ్చినప్పుడు పార మీద ఆనుకుని ఆగేవాడు, మళ్ళీ తవ్వేవాడు. అమ్మ మట్టి తొక్కింది. నేను నీళ్ళు మోశాను. గోడ లేచి, దూలం రెండు వైపులా కూర్చున్న రోజు ముసలాయన లోపలికి పోయి అటూ ఇటూ నడిచి చూశాడు.

"గది జానెడు తగ్గింది," అన్నాడు.

"తగ్గితే ఏంది, మంచం పడ్తది గద," అంది ముసలమ్మ.

నాయన నవ్వాడు. జైలు నుంచి వచ్చాక ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

ఆ తర్వాత ఏటా తొలకరికి ముందు నాయన ఆ ఊరు పోయి ఆ గోడకు ఎర్రమట్టి మెత్తి వచ్చేవాడు. ఎవరూ పిలిచింది లేదు, ఎవరూ వద్దన్నదీ లేదు. జామాయిల్ కూలికి మళ్ళీ పోలేకపోయాడు, ఊపిరి అందేది కాదు. అయినా ఆ గోడ పని మానలేదు. నేను కాలేజీలో చేరిన ఏడు ఆయన పోయాడు. అప్పటికి నాయనమ్మా లేదు, ముసలాయనా లేడు. ఆ ఏడు ఎండలు ముదిరాక నేను సెలవులకు ఇంటికొస్తే, అమ్మ పొద్దున్నే తట్టా పారా సర్ది, బస్సెక్కుదాం రమ్మంది. ఎక్కడికని నేను అడగలేదు. ఆ ఇంటి ముసలమ్మకు అప్పటికి చూపు ఆనడం లేదు. వసారాలో కూర్చుని, వచ్చిండ్రా అని మాత్రం అంది. ఆ గోడ ఆ రోజు మేమిద్దరం మెత్తాం. పొద్దుగూకే దాకా పట్టింది.